దీర్ఘకాలిక వ్యాధులున్న గొర్రెల్లో టీకా ఫలితం

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో మెట్ట రైతులకు గొర్రెల పెంపకం ముఖ్య జీవనాధారం. టీకా వేయించినా మందలో కొన్ని జీవాలు చిటుక రోగానికి గురికావడానికి దీర్ఘకాలిక వ్యాధులు కూడా ఒక కారణం. చెరువుల అంచున మేసే గొర్రెలకు, నత్తల్లో పెరిగి గడ్డికి అంటుకునే కార్జపు జలగల పిల్లదశలు సంక్రమిస్తాయి. జలగలు, పొట్టలోని నట్టలు రక్తాన్ని, మాంసకృత్తులను హరిస్తాయి. ప్రతిరక్షకాలు కూడా మాంసకృత్తులే కనుక నీరసించిన జీవం వాటిని తగినంతగా ఉత్పత్తి చేయలేదు.

అందుచేత టీకాకు రెండు వారాల ముందు పశువైద్యుని సలహాపై నట్టల నివారణ మందు తాగించాలి. జబ్బుపడిన జీవాలకు కోలుకున్న తరువాతే టీకా వేయించాలి. చిటుక రోగానికి తొలిసారి టీకా వేసినప్పుడు రెండు, మూడు వారాలకు బూస్టరు మోతాదు అవసరం. తొలకరికి ముందే ఈ పనులు పూర్తిచేస్తే మందకు రక్షణ లభిస్తుంది.