తలసేమియా బాలల కుటుంబాలకు సమాజ సహకారం: ఒక పరిశీలన

కీలకపదాలు: తలసేమియా, రక్తదానం, సంరక్షక కుటుంబం, చదివింపులు, బదులు పని, మేనరికం.

1. ప్రవేశిక

తెలుగువారి సాంఘిక జీవనంలో పరస్పర సహాయానికి స్థిరమైన ఆచారాలు ఉన్నాయి. పెళ్ళిలో చదివింపులు పుస్తకంలోకి ఎక్కుతాయి. పుచ్చుకొన్నవారు మరొక శుభకార్యంలో అంతకు తగ్గకుండా తిరిగి చదివిస్తారు. మరణం సంభవించిన ఇంటికి బంధువులో ఇరుగుపొరుగువారో అన్నం వండి పంపుతారు. ఇల్లు కాలితే ఊరు తలా ఇంత వేసుకొని నిలబెడుతుంది. వీటన్నింటిలో ఒక సమానలక్షణం కనిపిస్తుంది. ఇవి ముగిసిపోయే సందర్భాల కోసం ఏర్పడిన ఆచారాలు. పెళ్ళి మూణ్ణాళ్ళది, కర్మకాండ పన్నెండు రోజులది. ఏళ్ళ తరబడి సాగే కష్టానికి ఈ ఆచారాలలో చోటు లేదు. బిడ్డకు తలసేమియా ఉన్నదని తెలిసిన కుటుంబానిది అటువంటి కష్టం. ఆ కుటుంబానికి చుట్టూ ఉన్న సమాజం చేయగల సహాయం ఏ రూపంలో ఉండాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వ్యాధి స్వభావం

తలసేమియా వంశపారంపర్యంగా వచ్చే రక్తవ్యాధి. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు తీవ్రమైన తలసేమియా సోకే అవకాశం 25 శాతం. తీవ్రరూపంలో ఉన్న బిడ్డకు రెండు నుండి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఒక్కొక్క యూనిట్ రక్తంతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము శరీరంలో చేరుతుంది. దానిని బయటికి పంపే సహజమార్గం మనిషికి లేదు కనుక అది గుండెలో, కాలేయంలో, గ్రంథులలో పేరుకొంటుంది. దానిని తొలగించడానికి పూర్వం డెస్‌ఫెరాక్సమిన్‌ను చిన్న పంపు ద్వారా చర్మం కింద 8 నుండి 12 గంటల పాటు, వారంలో ఐదారు రాత్రులు ఎక్కించవలసి వచ్చేది. డెఫెరాసిరాక్స్ వంటి నోటిమందులు వచ్చాక ఆ బాధ చాలావరకు తగ్గింది. మూలకణ మార్పిడితో వ్యాధి పూర్తిగా నయం కావచ్చును. కాని ఒక తోబుట్టువు కణజాలం సరిపోలే అవకాశం నాలుగింట ఒకవంతు మాత్రమే. సరిపోలిన పేదపిల్లలకు 2017లో ప్రారంభమైన కోల్ ఇండియా పథకం కింద 10 లక్షల రూపాయల వరకు సహాయం లభిస్తుంది. తక్కిన పిల్లలకు దాతల రక్తమే ఆధారం.

3. దాతల లెక్క

మూడు వారాలకొకసారి అంటే సంవత్సరానికి 17 సార్లు. పిల్లవాడు ఎదిగేకొద్దీ ఒక్కొక్కసారి రెండు యూనిట్లు కావలసి వస్తుంది. మనదేశంలో పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి మాత్రమే రక్తం ఇవ్వవచ్చును. ఒక్క యూనిట్ చొప్పున లెక్కవేసినా, కాగితం మీద ఐదుగురు దాతలు కావాలి. జ్వరాలు, ప్రయాణాలు, దాతకే రక్తం తక్కువగా ఉండడం వంటివి కలుపుకొంటే పదిమంది ఉన్నా నిశ్చింత లేదు.

ఇక్కడ రక్తసంబంధం అక్కరకు రాకపోగా అడ్డు కూడా అవుతుంది. మూలకణ మార్పిడి జరిగే అవకాశమున్న బిడ్డకు తల్లిదండ్రుల, తోబుట్టువుల రక్తం ఎక్కించకూడదని వైద్యులు చెబుతారు. ముందే వారి రక్తం ఎక్కిస్తే తరువాత మార్పిడిని శరీరం తిరస్కరించే ప్రమాదం పెరుగుతుంది. అందుచేత ఈ కుటుంబానికి పరాయివారే దిక్కు.

అభిమాన నటుల, నాయకుల పుట్టినరోజులకు మన ఊళ్ళలో రక్తదాన శిబిరాలు జోరుగా జరుగుతాయి. ఆ ఉత్సాహాన్ని తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఎర్రరక్తకణాలను 35 నుండి 42 రోజులకు మించి నిలవ ఉంచలేరు. కళాశాలలకు సెలవులిచ్చే ఎండాకాలంలో శిబిరాలు తగ్గి నిల్వలు పడిపోతాయి. పిల్లవాడి మూడు వారాల గడువు మాత్రం మే నెలలోనూ మారదు. ఈ లోటును గుర్తించిన తల్లిదండ్రులు, వైద్యులు కలిసి 1998లో హైదరాబాదులో తలసేమియా సికిల్‌సెల్ సొసైటీని స్థాపించుకొన్నారు.

4. బదులు పని అనే నమూనా

చదివింపుల కన్నా ఈ సందర్భానికి దగ్గరగా ఉన్న ఆచారం వ్యవసాయంలోని బదులు పని. ఈరోజు వీరి చేలో నాట్లు వేసినవారికి మరొకరోజు వారి చేలో పనిచేసి తీరుస్తారు. అందులో జాలి ఉండదు, మొగమాటం ఉండదు. వంతు ఉంటుంది, తేదీ ఉంటుంది. రక్తం ఎక్కించే రోజు కుటుంబానికి పూర్తిగా పోయే రోజు. తెల్లవారకముందే బస్సు ఎక్కాలి. రక్తం సరిచూడడానికి కొంతసేపు, ఎక్కించడానికి యూనిట్‌కు మూడు నాలుగు గంటలు. ఆనాటి కూలి పోతుంది. బడి నుండి వచ్చిన రెండో బిడ్డకు ఇంటి తలుపు తాళంవేసి ఉంటుంది. "ఏమైనా కావాలంటే చెప్పమ్మా" అనే మాట మంచిదే. కాని అడిగే భారం మళ్ళీ ఆ తల్లిమీదే పడుతుంది. "14వ తేదీన చిన్నదాన్ని మా ఇంట్లో ఉంచుకొంటాను, రాత్రికి అన్నం పంపుతాను" అన్నప్పుడు ఆమె అడగవలసిన పని ఉండదు.

5. దాచుకొనే కుటుంబాలు

సహాయం అందకపోవడానికి సమాజపు ఉపేక్ష ఒక్కటే కారణం కాదు. వ్యాధిని దాచిపెట్టే కుటుంబాలూ ఉన్నాయి. పెద్దపిల్ల సంబంధం తప్పిపోతుందన్న భయం, కోడలి పుట్టింటిదే దోషమన్న అత్తింటి మాట, చుట్టుపక్కలవారి శాపాల కథలు ఇందుకు కారణాలు. నిజానికి లోపజన్యువు ఇద్దరి నుండీ అందితేనే వ్యాధి వస్తుంది. ఒక కుటుంబంలో ఆ జన్యువు ఉన్నప్పుడు మేనరికం వల్ల ఇద్దరు వాహకులు దంపతులయ్యే అవకాశం పెరుగుతుంది; నింద ఒక్క తల్లికే చెందదు. అక్క వాహకురాలైనా ఆమె ఆరోగ్యవంతురాలే. వరుడు వాహకుడు కాకపోతే వారి సంతానానికి తీవ్ర తలసేమియా రాదు. పెళ్ళికి ముందు చేసే ఒక రక్తపరీక్షతో ఇది తేలిపోతుంది. ఈ సంగతి ఊరికి తెలిసి ఉండడం కూడా సహాయమే. తెలియనిచోట ఆ కుటుంబం పదిమంది దాతలను అడగడానికి నోరే తెరవదు.

6. చట్టం, బడి

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తలసేమియాను వైకల్యాల జాబితాలో చేర్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉన్నది. ధ్రువపత్రం కోసం కార్యాలయాల చుట్టూ తిరగడానికి కూలి మానుకోలేని తండ్రికి, తెలిసినవారు ఒకరు తోడుగా వెళ్ళడం చాలా మేలు చేస్తుంది. బడిలో ఉపాధ్యాయుని పని ఇంతకన్నా సులువు. మూడు వారాలకొకసారి రాని పిల్లవాడిని హాజరుపట్టీలో ఎగవేతదారుగా చూడకుండా, ఆ తేదీలను ముందే రాసి పెట్టుకొని, ఆరోజు పాఠాన్ని మరునాడు పక్క పిల్లవాడి చేత చెప్పించవచ్చు. గడువు దగ్గరపడిన రోజుల్లో రక్తం తగ్గి ఆ పిల్లవాడు నీరసంగా ఉంటాడు కనుక, పరుగుపందెం ఆ వారంలో పెట్టకపోతే చాలు, వాడూ మిగతా పిల్లలతో కలిసి పరుగెత్తగలడు.