కులం అడగని ఫారం

జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఒక తరం పనిలో చేరిన తీరు వేరు. లేబర్ కాంట్రాక్టరు మనిషిని ఎగాదిగా చూసేవాడు, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగేవాడు, గేటు లోపలికి పంపేవాడు. "ఏ ఊరు" అనే ప్రశ్న కడుపులోనే "ఏ కులం" కూడా ఉండేదని అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు ఇక ఇట్లాంటివి ఉండవు, ప్రతిభ ఒక్కటే చూస్తారు అన్నారు. ఇవాళ షాపూర్‌నగర్, చింతల్, సూరారం బస్తీల నుంచి ఆ కూలీల పిల్లలు హైటెక్ సిటీకి దరఖాస్తులు పెడుతున్నారు. ఫారంలో నిజంగానే కులం గడి లేదు. కానీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అనే తతంగం ఒకటి ఉంది.

ఆఫర్ లెటర్‌కి ముందో తర్వాతో కంపెనీ అభ్యర్థి కాగితాల్ని ఒక ప్రైవేటు ఏజెన్సీ చేతిలో పెడుతుంది. ఏజెన్సీ చదువు, పాత ఉద్యోగం, చిరునామా, కోర్టు కేసులు సరిచూసి నివేదిక ఇస్తుంది. దొంగ సర్టిఫికెట్లు అమ్ముకునేవాళ్లు ఉన్నారు గనక సరిచూడటమే తప్పని మేం అనటం లేదు. సరిచూసే పేరుతో ఇంకేం తెలుసుకుంటున్నారు, తెలిసింది ఎక్కడికి పోతోంది అన్నదే మా ప్రశ్న.

సూరారంలో అద్దెకుంటున్న ఒక అమ్మాయి అనుకుందాం. శాశ్వత చిరునామా గడిలో ఊరి పేరుకి ముందు "ఎస్సీ కాలనీ" అని రాయక తప్పదు, ఆధార్‌లో అట్లాగే ఉంది మరి. చదివింది సాంఘిక సంక్షేమ గురుకులంలో, ఆ పేరు సర్టిఫికెట్ మీదే ఉంటుంది. చాలా టీసీల్లో కులం గడి ఉంటుంది. ఇంజనీరింగ్ సీటు కేటాయింపు కాగితం మీద కేటగిరీ ఉంటుంది. ఇక చిరునామా చూడటానికి మనిషి ఊరికి పోతే ఎవర్ని అడుగుతాడు? ఊరి మధ్య కిరాణా కొట్టులో అడుగుతాడు. ఆ కొట్టువాడు ఇంటికి దారి ఎట్లా చెప్తాడో మన ఊళ్లు తెలిసినవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. 1993 నాటి కుల ధ్రువీకరణ చట్టం కింద హక్కు కోసం తీసుకున్న కాగితాలు, హక్కే లేని ప్రైవేటు ఆఫీసులో ఆనవాళ్లుగా మారుతున్నాయి. రాజ్యాంగం 16వ అధికరణం ఇచ్చే సమాన అవకాశం ప్రభుత్వ కొలువులకే గానీ ప్రైవేటు కొలువులకి కాదు.

తెలిస్తే మాత్రం ఏమవుతుంది అనే మిత్రులున్నారు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం చూడండి. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి సమానమైన చదువుతో, పేర్లు మాత్రం మార్చి 4,808 దరఖాస్తులు పంపారు. సవర్ణ హిందూ పేరుకి పిలుపు వచ్చే అవకాశంతో పోలిస్తే దళిత పేరుకి ఆ అవకాశం మూడింట రెండు వంతులే. అక్కడ వాళ్ల చేతిలో ఉన్నది ఒట్టి పేరు. ఇక్కడ ఫైలు మొత్తం ఉంది.

చట్టం సంగతికొద్దాం. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. ఆ తర్వాత వచ్చిన 2019 బిల్లులో ఆరోగ్యం, వేలిముద్రలతో పాటు "కులం లేదా తెగ" కూడా సున్నితమైన సమాచారం కింద ఉండేది. 2023లో పాసైన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో ఆ జాబితాయే ఎగిరిపోయింది. సెల్ నంబరూ కులమూ ఒకే గాటన కట్టారు. ఎవరికీ పెద్దగా పట్టలేదు.

పైగా 7వ సెక్షన్ ఉద్యోగ అవసరాల కోసమైతే సమ్మతి లేకుండానే సమాచారం వాడుకోవచ్చంటుంది. అట్లా వాడినప్పుడు, నా గురించి ఏముందో చూపించు, చెరిపెయ్ అని అడిగే హక్కులు వర్తించవు, అవి సమ్మతి మీద తీసుకున్న సమాచారానికే. దరఖాస్తు పెట్టినవాడు ఇంకా ఉద్యోగి కాడు గదా, కాబట్టి అతని దగ్గర సమ్మతి తీసుకోవాల్సిందే అని మా వాదన. ఈ చట్టం నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, కంపెనీల ప్రధాన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. అమెరికాలో 1970 నాటి చట్టం కింద, ఏజెన్సీ నివేదిక చూసి ఉద్యోగం నిరాకరించదలిస్తే ముందుగా దాని నకలు అభ్యర్థికి ఇవ్వాలి. అమెరికా పని చేసిపెట్టే మన కంపెనీలు ఆ పద్ధతి మాత్రం దిగుమతి చేసుకోలేదు.

ఏజెన్సీ చేతిలోంచి సమాచారం ఎక్కడికైనా పోవచ్చు. 2023లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ఒక్క కేసులోనే 66.9 కోట్ల మంది, సంస్థల వివరాలు అమ్మకానికి ఉన్నాయి.

కోర్టు కేసుల గడి మనవాళ్లకి మరీ ముఖ్యం. దాడి జరిగితే బాధితుల మీదే ఎదురు కేసు పెట్టటం, ధర్నాకి పోతే కేసు పెట్టటం మనకు కొత్త కాదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అడిగిన కేసు వివరాలు దాచొద్దని చెప్తూనే, ఫారంలో ప్రశ్న స్పష్టంగా ఉండాలనీ, స్పష్టంగా అడిగినదే చెప్పాలనీ అంది. చిన్న వయసులో నినాదాలిచ్చిన లాంటి చిన్న కేసుల్ని యజమాని వదిలెయ్యొచ్చనీ అంది. అది ప్రభుత్వ ఉద్యోగాల తీర్పే, అయినా ప్రైవేటు కంపెనీకి రాసే ఉత్తరంలో దాన్ని చూపించటంలో తప్పు లేదు. "శిక్ష పడిందా" అని అడిగితే శిక్ష గురించే చెప్పాలి, నడుస్తున్న కేసు గురించి అడిగితే అది కూడా చెప్పాలి. దాస్తే నష్టం మనకే.

విద్యార్థులతో కూర్చున్నప్పుడు ఉపాధ్యాయులు కొన్ని సంగతులు చెప్పొచ్చు. సమ్మతి కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు. 2023 చట్టం ప్రకారం సమ్మతి నోటీసు తెలుగులో కూడా కోరవచ్చు. పుట్టిన తేదీకి పదో తరగతి మెమో, చదువుకి డిగ్రీ మెమోలు ఉండగా టీసీ ఎందుకని మర్యాదగానే అడగొచ్చు. ఆధార్ నకలు ఇవ్వాల్సివస్తే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వాలి. జిరాక్స్ మీద అడ్డంగా ఏ కంపెనీకి, ఏ పనికి, ఏ తేదీన ఇచ్చారో రాయాలి. ఊరి చిరునామా దగ్గర విచారణ అక్కర్లేదు, ఉంటున్న ఇంటి దగ్గర చూసుకోండి అని ముందే రాసివ్వాలి. ఉద్యోగం రాకపోతే ఏజెన్సీ నివేదిక నకలు కావాలని ఈమెయిల్ పెట్టాలి. జవాబు రాకపోయినా ఆ ఈమెయిల్ దాచిపెట్టాలి.