గాలి మరలుటయు కార్చిచ్చును

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున పల్లెల యగ్నిమాపకసేవ 1945లో స్థాపింపబడిన కంట్రీ ఫైర్ అథారిటీ యధీనమున నున్నది. ఇందు పనిచేయువారిలో బహుసంఖ్యాకులు జీతము గొనని స్వచ్ఛందసేవకులే.

అచట వేసవిలో వాయవ్యమునుండి వేడిగాలి వీచునపుడు కార్చిచ్చు సన్నని నాలుకవలె నాగ్నేయమునకు సాగును. పిదప గాలి హఠాత్తుగా నైరృతికి మరలును. అంతవరకు మెల్లగా కాలుచుండిన పొడవైన ప్రక్కభాగమంతయు నపుడు మంటకు ముఖమై, మైళ్లకొలది వెడల్పున నీశాన్యమునకు పరుగిడును. మంట కెదురుగా నిలుచుట యపాయమని పసివారు నెఱుగుదురు. ప్రక్కన నిలుచుటలోని మోసము పెద్దలకును తోఁచదు.

1998 డిసెంబరు 2వ తేదిని లింటన్ గ్రామమువద్ద నిట్లే గాలి మరలఁగా, నీరు నింపుకొనుటకై పోవుచున్న బండిలోని యైదుగురు సేవకులు మంటలఁ జిక్కి మరణించిరి. ఆ దుర్ఘటన పిమ్మట, ఎంత యవసరమైనను బండిలోని నీటినంతయు మంటపైఁ జల్లక, సిబ్బంది ప్రాణరక్షణకై కొంత మిగుల్చుకొనవలెనను నియమ మేర్పడెను. అయినను గాలి మానవనియమములకు లోఁబడునా? 2009 ఫిబ్రవరి 7వ తేదిని 173 మంది యసువులఁ బాసిరి. మేరీస్‌విల్ పట్టణమును మంట కబళించినది గాలి మరలిన తరువాతనే.

కావుననే సేవకులు సాధ్యమైనంతవరకు కాలి నల్లఁబడిన నేలనుండియే పని సాగింతురు. అచట మరల మండుటకు మిగిలిన దేమియు నుండదు గదా.