సెకండ్ హ్యాండ్ ‘ఆటోమేటిక్’ కారా? ముందు గేర్‌బాక్స్ ఏదో కనుక్కోండి

బడ్జెట్‌లో పాత ఆటోమేటిక్ కారు చూస్తున్నారా? యాడ్‌లో ‘ఆటోమేటిక్’ అని ఉంటే సరిపోదు. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గరికొచ్చిన ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే! క్లచ్ నొక్కడం, గేర్ మార్చడం మీ బదులు యాక్చువేటర్ చేస్తుంది, అంతే. కాబట్టి క్లచ్ ప్లేట్ అరుగుతుంది. ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో బ్రేక్ వేయకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని ఆపే అలవాటు పాత ఓనర్‌కి ఉంటే ఇంకా త్వరగా.

2008లో వచ్చిన హోండా సిటీ ఆటోమేటిక్‌ది వేరే కథ. అందులో టార్క్ కన్వర్టర్ ఉంటుంది, మాన్యువల్‌లో ఉండే క్లచ్ ప్లేట్ ఉండదు. అక్కడ గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారో సర్వీస్ హిస్టరీలో చూడాలి.

ఏఎంటీ అయితే టెస్ట్ డ్రైవ్‌లో కచ్చితంగా ఎత్తు ఎక్కించండి. ఇంజిన్ అరుస్తున్నా బండి లాగకపోతే, కొత్త క్లచ్ ఖర్చు ధరలో తగ్గించమనండి.