బాటరీ నిండుగానే ఉంది, మోటారు తిరగదేం?

పిల్లలూ! మొన్న శీతాకాలంలో మా తొమ్మిదో తరగతి వాళ్లను కాకినాడ దగ్గరి మడ అడవులు చూపించడానికి తీసుకువెళ్లాను. తిరుగు ప్రయాణానికి పడవెక్కాం. పడవ వెనుక అంచుకు తగిలించే మోటారు అది. దాన్నే ఔట్‌బోర్డు మోటారు అంటారు. సరంగు తాళంచెవి తిప్పాడు. 'టక్' మని ఒక్క చప్పుడు, అంతే! మళ్లీ తిప్పాడు. మళ్లీ 'టక్'. పెద్ద మోటారు కావడంతో తాడు లాగినా లొంగలేదు. అప్పటికే ఆటు మొదలయింది. ఆలస్యమయితే కాలువలో నీరు తగ్గి పడవ బురదలో కూరుకుపోతుంది.

"బాటరీ నిన్ననే ఛార్జి చేయించానండి మేస్టారూ!" అన్నాడు సరంగు. అతని పెట్టెలోని మీటరు పెట్టి చూశాం. 12.6 వోల్టులు! నిండు బాటరీయే. మరి లోపం ఎక్కడుంది?

ముందు ఈ మోటారులో విద్యుత్తు నడిచే దారులు తెలుసుకుందాం. అవి రెండు. తాళంచెవి తిప్పగానే కొద్దిపాటి విద్యుత్తు ఫ్యూజు, న్యూట్రల్ స్విచ్చి దాటి సోలినాయిడ్ అనే తీగచుట్టలోకి వెళుతుంది. మీరు పాఠంలో చదివిన విద్యుదయస్కాంతమే ఇది. అది లోపలి ఇనుప కడ్డీని లాగి, పెద్ద దారిని కలుపుతుంది. అప్పుడు బాటరీ నుంచి లావుపాటి తీగల గుండా సుమారు 100 ఆంపియర్ల విద్యుత్తు స్టార్టరు మోటారులోకి దూకుతుంది. స్టార్టరు ఇంజనును తిప్పుతుంది.

కనుక చప్పుడు వింటే లోపం సగం దొరికినట్టే. అసలు చప్పుడే లేదా? చిన్న దారి తెగింది. ఫ్యూజు పోయిందేమో, గేరు న్యూట్రల్‌లో లేదేమో చూడాలి. 'టకటకటక' మంటోందా? సాధారణంగా బాటరీ నీరసించిందని అర్థం. స్టార్టరు తిరుగుతున్నా ఇంజను కదలడం లేదా? వాటిని కలిపే పళ్లచక్రం అందుకోలేదు. ఇంజను చక్కగా తిరుగుతున్నా అంటుకోవడం లేదా? అప్పుడు పెట్రోలూ, నిప్పురవ్వా చూడాలి. ఒక్క 'టక్' తో ఆగిందా? సోలినాయిడ్ పనిచేసింది. పెద్ద విద్యుత్తే సరిగా చేరడం లేదు.

మా పడవది ఈ చివరి రోగం. మీటరు కడ్డీల్లో ఒకదాన్ని బాటరీ ఋణ ధ్రువానికీ, రెండోదాన్ని దానికి బిగించిన క్లిప్పుకూ ఆనించి, తాళం తిప్పమన్నాను. రెండూ ఒకదానికొకటి తాకే ఉన్నాయి కనుక మీటరు ఇంచుమించు సున్న చూపాలి. కాని 4 వోల్టులు చూపింది! క్లిప్పు ఊడదీస్తే లోపలంతా చిలుము. ఉప్పుగాలి చేసిన పని అది.

అయితే మొదట 12.6 వోల్టులు ఎలా కనిపించాయి? ఓమ్ నియమం గుర్తుచేసుకోండి. విద్యుత్ ప్రవాహాన్ని నిరోధంతో గుణిస్తే వోల్టులు వస్తాయి. చిలుము నిరోధం 0.04 ఓమ్ అనుకుందాం. చాలా తక్కువే. ప్రవాహం లేనప్పుడు అక్కడ పోయేది సున్న. 100 ఆంపియర్లు పారినప్పుడు మాత్రం 100 × 0.04 = 4 వోల్టులు అక్కడే ఖర్చయి, వేడిగా మారిపోతాయి. స్టార్టరుకు మిగిలేది చాలదు. పాదంతో తొక్కిన నీటి గొట్టం లాంటిదే ఇది. కుళాయి కట్టి ఉన్నంతసేపూ లోపం తెలియదు, విప్పితేనే తెలుస్తుంది.

తాళంచెవి తీసేసి, ధ్రువాన్నీ క్లిప్పునూ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన వాజలీను పూశాం. ఈసారి తిప్పగానే మోటారు అందుకుంది. నీరు ఇంకా తగ్గకముందే రేవు చేరాం.

మీరూ ఇది చేసి చూడవచ్చు. ఒక టార్చి సెల్లు, చిన్న బల్బు, పొడవాటి పెన్సిలు ములుకు తీసుకోండి. ములుకు గుండా విద్యుత్తు పోయేలా వలయం కట్టండి. బల్బు తగిలే రెండు తీగల కొసల మధ్య వోల్టుమీటరు పెట్టండి. బల్బు తీసేస్తే ఎంత చూపింది? పెడితే ఎంత? తేడా ఎక్కడికి పోయిందో మీరే చెప్పండి. అసలు మోటారు జోలికి మాత్రం పెద్దలు లేకుండా వెళ్లకండి. బాటరీ నుంచి వచ్చే హైడ్రోజనూ, పెట్రోలు ఆవిరీ ఒక్క నిప్పురవ్వతో భగ్గుమంటాయి.

ఊరికే ఉన్నప్పుడు నిండుగా కనిపించినంత మాత్రాన సరిపోదు. పని చేయించి చూస్తేనే లోపం బయటపడుతుంది.