నాట్ల కూలి

నగరము, రేపల్లె మండలములున్న కృష్ణా డెల్టాలో ఇటీవలి సంవత్సరములందు పశ్చిమ బెంగాలు కూలీలు ముఠాలుగా వచ్చి, ఎకరమునకింతయని గుత్తకు వరినాట్లు వేయుచున్నారు. పనివారు దొరకరని రైతులందురు. కాలువనీరు ఎవరికొరకును ఆగదు, నిజమే. నాట్లే ఆధారమైన మన ఊరి స్త్రీల పనిదినములమాటయో?

అయినను వచ్చినవారిని నిందించువారు 1930 మే నెలను స్మరింపవలయును. కూలి పెంచుడని రంగూను రేవులో సమ్మెకట్టిన తెలుగువారి స్థానమున బర్మీయులను చేర్చుకొని, సమ్మె తీరగనే వెడలగొట్టిరి. అల్లరులు చెలరేగి మనవారనేకులు హతులైరి. కొట్టుకొన్నది కూలీలు; పనికి పెట్టినవారు కారు. నాడు మనవారు వలసకూలీలు, నేడు మనము పని ఇచ్చువారము. ఊరి ముఠాకు ముందుగా కబురంపి, ఇరువురకును ఒక్కటే గుత్త చెల్లింప మన రైతులు సిద్ధమేనా యని మేమడుగుచున్నాము.