నీల్ దీవి పగడం ఉంగరానికి పనికిరాదు

సంక్రాంతి సెలవులకు ముందు మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక సలహా తిరిగింది. "అండమాన్ వెళ్లేవాళ్లు నీల్ దీవిలో సముద్రం వెనక్కి తగ్గే వేళ కనుక్కోండి. పగడాలు కాళ్ల కిందే ఉంటాయి. ఎలాగూ చచ్చిన రాళ్లే. నాలుగు ముక్కలు తెచ్చుకుంటే కుజదోషానికి ఉంగరాలు చేయించుకోవచ్చు, కంసాలికి కూలి ఇస్తే చాలు." కింద వరసగా దండాలు, పువ్వులు. ఒక్కరూ కాదనలేదు.

ఆ నెలలోనే నేను నీల్‌లో ఉన్నాను. భరత్‌పూర్ తీరంలో పాటు వేళ, నీళ్లు మోకాలి కిందికి దిగాయి. ఒక పెద్ద బృందం, మన తెలుగువాళ్లే, ప్యాంట్లు పైకి మడిచి చెప్పులతో పగడపు దిబ్బ మీదికి నడిచారు. అడుగు వేసినప్పుడల్లా ఎండు పుల్లలు విరిగిన చప్పుడు. ఒకాయన వంగి గోధుమరంగు కొమ్మ ఒకటి విరిచాడు, వాసన చూశాడు, "ఇది ఇంకా పచ్చిదిరా, రూములో ఎండబెట్టాలి" అని సంచిలో వేసుకున్నాడు.

పచ్చిది. ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చింది. రాయి పచ్చిగా ఉండదని ఆయనకు ఆ క్షణంలో తట్టి ఉంటే చాలా బాగుండేది.

మా పడవ నడిపిన కుర్రాడు పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో పెరిగినవాడు. తాతల నాడు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన కుటుంబం. "రోజూ సెప్తాను బాబూ, ఇనరు. రాయైతే ఎండలో పెడితే కంపెందుకు కొడతాది?" అన్నాడు. నేను చదివిన పుస్తకాలన్నిటి కంటే ఆ ఒక్క ప్రశ్న సూటిగా ఉంది. విరిచిన పగడం ఎండలో కుళ్లుతుంది, ఎందుకంటే దాని మీద మాంసం ఉంటుంది.

మనల్ని దారి తప్పించింది పగడం అనే మాటే. నవరత్నాల్లో చేర్చుకున్నాం కనుక వజ్రం, కెంపు, నీలం లాంటి రాయే అనుకున్నాం. ఆ తొమ్మిదింటిలో ముత్యం, పగడం రెండూ ప్రాణుల నుంచి వచ్చినవి. పైగా ఉంగరంలో, మంగళసూత్రాల పక్కన మనం చూసే ఎర్రపగడం వేరు, నీల్ చుట్టూ ఉన్న పగడపు దిబ్బ వేరు. ఎర్రది కోరాలియం జాతి, ముఖ్యంగా మధ్యధరా సముద్రంలో, వెలుతురు తక్కువగా ఉండే చోట పెరిగేది. దాని అస్థిపంజరమే ఎరుపు, చిక్కగా ఉంటుంది, సాన పడితే మెరుస్తుంది. ఇటలీలో నేపుల్స్ పక్కనున్న టొర్రె డెల్ గ్రెకో ఊరు ఈ పనికి పేరుమోసింది. రోమన్లకు ముత్యాలు ఎంత ప్రియమో భారతీయులకు పగడాలు అంత ప్రియమని దాదాపు 2 వేల ఏళ్ల కిందటే ప్లినీ రాశాడు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో, సుంకం కట్టవలసిన సముద్ర వ్యాపారపు సరుకుల్లో కర్పూరం, దంతం, రాగి, సీసంతో పాటు పగడం కూడా ఉంది. మన ఇళ్లకు పగడం అలా ఓడలెక్కి, సుంకం కట్టుకుని వచ్చింది. అండమాన్ ఒడ్డున ఎవరూ ఏరుకురాలేదు.

నీల్ పగడానికి ఉన్న రంగు దాని పైపొర చర్మంలోది. లోపలి అస్థిపంజరం తెల్లగా, గుల్లగా, సున్నపు ముక్కలా ఉంటుంది. ఎండబెట్టగానే రంగు పోతుంది, వారంపాటు కంపు మిగులుతుంది. దాన్ని ఏ కంసాలీ ఉంగరంలో పొదగడు. జాతకం మీద నమ్మకం ఉన్నవాళ్లతో నాకు పేచీ లేదు. వాళ్ల నమ్మకానికైనా పనికొచ్చే వస్తువు కాదిది.

ఇక "చచ్చినవే కదా" అన్న మాట. దీని వల్ల జరుగుతున్న నష్టం ఉంగరాల కంటే చాలా పెద్దది. పగడపు కొమ్మ మీద కనిపించే ప్రతి చిన్న గుంతా ఒక ప్రాణి ఇల్లు. పాలిప్ అంటారు దాన్ని. జెల్లీచేపకు దగ్గరి చుట్టం. ఒక్కోటి కొన్ని మిల్లీమీటర్లు ఉంటుంది, వేలాదిగా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వాటి చర్మంలో కంటికి కనపడని నాచు కాపురం చేస్తుంది. పగలు ఎండలో ఆ నాచు వండిపెట్టే ఆహారమే పగడానికి అసలు తిండి. రాత్రి పాలిప్‌లు సన్నని చేతులు బయటికి చాచి నీళ్లలో తేలే సూక్ష్మజీవులను పట్టుకుంటాయి. మనం వెళ్లేది పగలు, అవి చేతులు ముడుచుకుని ఉన్నప్పుడు. కదలదు కనుక రాయి అనుకుంటాం.

కదలని ఈ ప్రాణి పెరిగే వేగం తెలిస్తే దాని మీద కాలు పెట్టబుద్ధి కాదు. బండలా గుండ్రంగా పెరిగే రకాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. నీళ్ల బిందె అంత పగడం కావాలంటే పదిహేనేళ్లు. కొమ్మల రకాలు అంతకంటే త్వరగా పెరుగుతాయి కానీ, విరిగేవి కూడా అవే. ఆ రోజు ఆయన సంచిలోకి వెళ్లిన కొమ్మ వయసు బహుశా ఆయన పక్కన నిలబడి చూస్తున్న పిల్లవాడి వయసంత.

తెల్లగా ఉన్నది చచ్చిందనుకోవడం మరో ప్రమాదం. సముద్రం వేడెక్కినప్పుడు పగడం తనలోని నాచును బయటికి నెట్టేస్తుంది. అప్పుడు చర్మం అద్దంలా మారి లోపలి తెల్ల అస్థిపంజరం కనిపిస్తుంది. పాలిపోయిందే తప్ప ప్రాణం పోలేదు. కొన్ని వారాల్లో నీళ్లు చల్లబడితే నాచు తిరిగి చేరుతుంది, రంగు వస్తుంది. అండమాన్ పగడాలు 1998లో, 2010లో, 2016లో ఇలా పాలిపోయాయి. కొన్ని చచ్చిపోయాయి, కొన్ని కోలుకున్నాయి. ఆ కోలుకునే వారాల్లో ఎవరో వచ్చి "ఇది తెల్లగా ఉంది, చచ్చిందే" అని విరిస్తే, జ్వరం తగ్గి లేవబోతున్న మనిషిని పాడె ఎక్కించినట్టే.

ఇక్కడ ఎదుటివాళ్ల వాదన ఒకటి ఉంది: "సముద్రం మొత్తం వేడెక్కి చస్తుంటే, మా కాళ్ల కింద చచ్చేవి ఎన్ని?" ఒప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయినా ఒప్పుకుంటాను, ఇది నిజమే. పగడాలకు అతిపెద్ద శత్రువు వేడి, పర్యాటకుడు కాదు. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఉత్తర అండమాన్ తీరం మీటరుకు పైగా పైకి లేచి, దిబ్బలకు దిబ్బలే నీళ్ల బయటపడి ఎండిపోయాయి. దాని ముందు మన చెప్పులెంత? కానీ భూకంపాన్ని మనం ఆపలేం. చెప్పుల్ని ఆపగలం. పైగా నీల్ విస్తీర్ణం సుమారు 14 చదరపు కిలోమీటర్లే, 2011 లెక్కల్లో జనాభా 3 వేల చిల్లర. పర్యాటకులు దిగి నడిచే దిబ్బలు రెండో మూడో. అందరి కాళ్లూ ఆ కొద్దిపాటి చోటే పడతాయి.

ఒడ్డున ఇసుకలో పడి ఉన్న ముక్క మాటేమిటి? అది చచ్చిందే. దాన్ని తీస్తే కొత్తగా ఏ ప్రాణీ పోదు. అయినా తీయకూడదు. ఆ తీరాల్లో తెల్ల ఇసుక చాలావరకు పగడం అరిగి వచ్చిందే. చిలకచేపలు పగడపు ముక్కల్ని కొరికి, నాచు తిని, మిగిలింది ఇసుకగా విడుస్తాయి. మనం ఫొటోలు దిగే తీరం అలా తయారయింది. నీళ్లలోని చచ్చిన ముక్కల మీదే కొత్త పగడం పిల్లలు వచ్చి అతుక్కుంటాయి.

చట్టానికి కూడా ఒడ్డున దొరికింది, విరిచింది అన్న తేడా లేదు. దిబ్బలు కట్టే పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, 2022 సవరణ తర్వాత కనీసం 25 వేల రూపాయల జరిమానా. సముద్ర దోసకాయలు, రాక్షస ఆల్చిప్పలు, నాటిలస్ గవ్వలు కూడా అదే చట్టం కిందికి వస్తాయి. విమానాశ్రయంలో సామాను స్కానింగులో పగడం చక్కగా కనిపిస్తుంది. మా బంధువుల్లో ఒకరు తిరుగు ప్రయాణంలో పిల్లల ముందు సంచులన్నీ విప్పి, గంటసేపు సంజాయిషీ చెప్పుకుని వచ్చారు. ఆ సలహాకు దండం పెట్టినవాళ్లలో ఆయన ఒకరు.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు. నీల్ వెళ్లడానికి భారతీయులకు పాస్‌పోర్టు, పర్మిట్ అవసరం లేదు. ముందస్తు అనుమతి కావలసింది లక్షద్వీప్‌కు, నికోబార్‌కు. శహీద్ ద్వీప్ వేరే దీవి కాదు, 2018లో నీల్‌కే పెట్టిన పేరు. భాష రాదని భయం వద్దు, 2011 లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ఈత రాకపోతే పగడాలు చూడలేమన్నది తప్పు, భరత్‌పూర్‌లో గాజు అడుగున్న పడవలు ఉన్నాయి. అండమాన్‌లో మొసళ్లే లేవన్నది కూడా తప్పు. ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 2010లో హేవ్‌లాక్‌లో ఒక పర్యాటకురాలిని మొసలి చంపింది. హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్లలోకి దిగకండి.

వెళ్లకండి అని నేను అనను. వెళ్లండి, పిల్లల్ని తీసుకెళ్లండి. లక్ష్మణ్‌పూర్ దగ్గరి సహజ వంతెన చూడాలంటే పాటు వేళే వెళ్లాలి, వేరే దారి లేదు. ఇసుక మీద, బోడిరాతి మీద నడవండి, నీటి గుంటల్లో రంగు కనిపిస్తే పక్కకు తప్పుకోండి. అది మీ కాళ్లకూ మంచిదే, పగడం గీసుకున్న గాయం తొందరగా మానదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సముద్రం బాగా వెనక్కి వెళ్తుంది, పగడాలు ఎక్కువగా బయటపడేదీ అప్పుడే, మరింత జాగ్రత్త కావాలి. స్నార్కెలింగ్‌లో అలసిపోతే నిలబడడానికి దిబ్బ వెతుక్కోకండి, లైఫ్ జాకెట్ మీద వెల్లకిలా తేలండి. గైడు "ఇక్కడ కాలు పెట్టండి" అన్నా పెట్టకండి. సన్‌స్క్రీన్ పూసుకోవడం కంటే పొడుగు చేతుల చొక్కా వేసుకుని దిగడం మేలు. కొన్ని సన్‌స్క్రీన్లలో ఉండే ఆక్సీబెంజోన్‌ను, పగడాలకు హాని చేస్తుందని, హవాయి 2021 నుంచి అమ్మనివ్వడం లేదు. చేపలకు బ్రెడ్డు వేయకండి.

మీ గ్రూపులో ఆ సలహా మళ్లీ తిరిగితే దండం పెట్టకుండా, పడవ కుర్రాడు అడిగిన కంపు ప్రశ్న కింద రాయండి. పడవ ఎక్కే ముందు లంగరు ఎక్కడ వేస్తావని నడిపేవాణ్ణి అడగండి, తెలుగులోనే అడగండి. ఇసుకలో వేస్తానంటేనే ఎక్కండి.